ఐటీఐ పాసయ్యాక చిక్కంతా ఎక్కడ?

[తెర మీద: వైస్‌లో బిగించిన ఇనుప ముక్క, దాని మీద ఆకురాయి ఆడుతోంది]

ఫిట్టర్ ట్రేడ్‌లో రెండేళ్లూ చేతికి అలవాటయ్యే పని ఇదే. ఆకురాయితో రుద్దడం, వెర్నియర్ పెట్టి 0.02 మిల్లీమీటర్ల దాకా కొలవడం, తేడా ఉంటే మళ్లీ రుద్దడం. ఐటీఐలో తీరిగ్గా రుద్దుకోవచ్చు. ఫ్యాక్టరీలో అదే కొలత షిఫ్టంతా, ప్రతి ముక్కకీ రావాలి. కాస్త ఎక్కువ అరిగిందా, ఆ ముక్క తుక్కే. ఆ నిలకడ క్లాసులో రాదు. కంపెనీలో పనిచేస్తూ నేర్చుకునే అప్రెంటిస్‌షిప్ ఉన్నది అందుకే.

జర్మనీలో ముందు కంపెనీతో ఒప్పందం రాసుకుంటారు. వారంలో మూడు నాలుగు రోజులు పని, ఒకటి రెండు రోజులు వృత్తి విద్యా బడి. మన దగ్గర ముందు సర్టిఫికెట్, ఆ తర్వాత కంపెనీ కోసం తిరుగుడు. ఆ వంతెన పిల్లలే కట్టుకోవాలి, ఇది అన్యాయం. కొన్ని ఐటీఐల్లో పరిశ్రమతో కలిపి నేర్పే డీఎస్‌టీ పద్ధతి ఉంది. మీ ట్రేడ్‌కి ఉందో లేదో అడ్మిషన్ రోజే అడగండి.

[తెర మీద: ఆధార్ కార్డు, పక్కనే టెన్త్ మెమో]

చట్టం పిల్లల వైపే ఉంది. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని పెట్టుకోవాలి. 2019 నిబంధనల్లో ఐటీఐ పాసైనవాళ్లకి నెలకి కనీసం 7,000 రూపాయల స్టైపెండ్ పెట్టారు.

"రేపట్నుంచి వచ్చెయ్" అన్న మాట మీద మాత్రం చేరిపోవద్దు. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో కాంట్రాక్ట్ నమోదు కావాలి. అది లేకపోతే ఏడాదంతా పనిచేసినా జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ రాదు. రైల్వే లెవెల్ 1 (ఒకప్పటి గ్రూప్ డి) ఉద్యోగాల్లో 20 శాతం, రైల్వేలో ఈ శిక్షణ పూర్తి చేసినవాళ్లకే ఉన్నాయి. కాగితం లేనిదే ఆ దారి మూసుకుపోతుంది.

నమోదు దగ్గర తెలుగు పిల్లలకి ఎదురయ్యే తిప్పలు ఇంటిపేరుతోనే. మెమోలో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం. ఐటీఐ రెండో ఏడాదిలోనే రెండూ ఒకటయ్యేలా సరిచేయించుకోండి. బ్యాంకు ఖాతాకి ఆధార్ జోడించారో లేదో కూడా చూసుకోండి, స్టైపెండ్‌లో ప్రభుత్వ వాటా నేరుగా అందులోకే వస్తుంది.

[తెర మీద: మార్కుల మెమో]

రైల్వే అప్రెంటిస్‌కి రాత పరీక్ష లేదు. టెన్త్, ఐటీఐ మార్కుల సగటు చూసి తీసుకుంటారు. "ఎలాగూ ఐటీఐకే కదా" అని టెన్త్‌ని వదిలేసిన పిల్లాడు సరిగ్గా ఇక్కడే నష్టపోతున్నాడు.