అమెరికాలో పిల్లల ఇంటి లాన్ ఎండిపోయిందా? పైపు పట్టుకునే ముందు ఈ వీడియో చూడండి

[షాట్: మన ఇంటి ముందు పచ్చిక, వెనక రోడ్డు మీద ఆటోల సౌండ్]

నమస్తే అండి, బాగున్నారా అందరూ. ఇవాళ వీడియో మన హైదరాబాద్ లాన్ గురించి కాదు. ఇక్కడ మేలో ఎండలు దంచుతుంటే న్యూజెర్సీకో మిషిగన్‌కో పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్తారు చూడండి, ఆ అమ్మానాన్నల కోసం, ఇంకా అక్కడ కొత్తగా ఇల్లు కొని లాన్ ఏం చేయాలో తెలీక తల పట్టుకున్న పిల్లల కోసం. ఎందుకంటే మనవాళ్ళు వెళ్ళినాక ఊరికే కూర్చోరు కదా, జులైలో గడ్డి గోధుమ రంగుకి తిరగ్గానే "అయ్యో చచ్చిపోయింది" అని పొద్దున సాయంత్రం పైపు పట్టుకుని తడుపుతూ ఉంటారు, పైగా ఇక్కడ చేసినట్టే నున్నగా కత్తిరించేయమని అల్లుడికి చెప్తారు. ఈ రెండూ అక్కడ పనికిరావు.

ముందు గడ్డి సంగతి చూద్దాం. మన దగ్గర పెరిగేది ఎండని ఇష్టపడే గడ్డి. వినాయక చవితికి పత్రిలో పెట్టే గరిక ఉంది కదా, అక్కడ బెర్ముడా గ్రాస్ అని పిలిచేది దాన్నే. 30 డిగ్రీల పైన కూడా హాయిగా పాకుతుంది, కానీ చలికి వాడిపోయి పడుకుంటుంది. చలి ప్రాంతాల్లో వేసేవి వేరే: కెంటకీ బ్లూగ్రాస్, టాల్ ఫెస్క్యూ, పెరెన్నియల్ రైగ్రాస్. వీటికి దాదాపు 15 నుంచి 24 డిగ్రీల మధ్య అంటే పండగ. అంటే వసంతం, ఇంకా ముఖ్యంగా సెప్టెంబర్, అక్టోబర్. నడి ఎండాకాలం వాటికి రెస్ట్. మన గడ్డి చలికి పడుకుంటే అక్కడి గడ్డి ఎండకి పడుకుంటుంది, మొత్తం తేడా ఇక్కడే ఉంది.

[క్లోజప్: గడ్డి మొదలు]

మరి పడుకుందో చచ్చిందో ఎలా తెలుస్తుంది? ఒక కుదురు పట్టుకుని మెల్లగా లాగండి. తేలిగ్గా ఊడి చేతికి రాకుండా, మట్టి దగ్గర మొదలు తెల్లగా గట్టిగా ఉంటే బతికే ఉంది. ఊడొచ్చేసి మొదలు కూడా ఎండు పుల్లలా ఉంటే పోయినట్టే. ఒక్కోసారి గడ్డి చాపలా చుట్టుకుని లేచొస్తుంది, అప్పుడు కింద మట్టిలో తెల్లటి పురుగులు సీ ఆకారంలో వంకర తిరిగి ఉన్నాయేమో చూడండి, వేర్లు తినేది అవే. పడుకున్న గడ్డికి రెండు మూడు వారాలకోసారి అర అంగుళం నీళ్ళు చాలు, మొదలు బతుకుతుంది. రోజూ కాస్త కాస్త చల్లితే వేర్లు పైపైనే ఉండిపోతాయి, రోగాలు కూడా వస్తాయి. అదే పచ్చగానే ఉంచాలి అనుకుంటే వర్షంతో కలిపి వారానికి ఒక అంగుళం, అది కూడా ఒకటి రెండుసార్లలో, తెల్లవారుజామునే. అంగుళం ఎలా కొలవాలి అంటే స్ప్రింక్లర్ కింద నాలుగైదు ఖాళీ డబ్బాలు పెట్టి ఎంతసేపటికి అంగుళం నిండుతుందో చూసుకోండి, అంతే.

ఇప్పుడు కటింగ్. నా లెక్కలో చలి ప్రాంతం లాన్ పాడయ్యేది ఎక్కువ ఇక్కడే. మూడు అంగుళాలు ఉంచండి, ఎండాకాలం మూడున్నర ఉన్నా పర్లేదు. ఎత్తుగా ఉంటే వేరు కూడా లోతుకి దిగుతుంది, నేల మీద నీడ పడి కలుపు గింజ మొలవదు. ఒక్కసారికి మూడో వంతు కన్నా ఎక్కువ కొయ్యకూడదు, అంటే నాలుగున్నర అంగుళాలు పెరిగితే మూడుకి దింపొచ్చు, వెకేషన్‌కి వెళ్ళొచ్చి ఎనిమిది అంగుళాలు ఉంటే మాత్రం ఒక్క దెబ్బకి కాదు, రోజులు గ్యాప్ ఇచ్చి రెండు మూడు విడతల్లో. కోసిన ముక్కలు సంచిలో ఎత్తి పారేయకండి, అక్కడే వదిలేస్తే కుళ్ళి నైట్రోజన్ తిరిగి నేలకే పోతుంది. కోసిన కొసలు దగ్గరగా చూడండి, చీలికలు చీలికలుగా తెల్లగా ఉన్నాయంటే మెషీన్ బ్లేడ్ మొండిదైంది, సాన పట్టించాలి.

[స్క్రీన్ మీద: ఆగస్టు చివర నుంచి అక్టోబర్]

అసలు సీజన్ ఇదండి. కొత్తగా గింజలు చల్లాలన్నా, పలచబడ్డ చోట మళ్ళీ చల్లాలన్నా, ఆగస్టు చివరి నుంచి సెప్టెంబర్ చివరి లోపు చేసేయాలి. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, గాలి చల్లబడుతుంది, కలుపు తగ్గుతుంది. ముందు ఏరేషన్ చేయించండి, మెషీన్ మట్టిలోంచి చిన్న చిన్న ముక్కలు బయటికి లాగుతుంది, ఆ రంధ్రాల్లోకి గాలి, నీరు, గింజ వెళ్తాయి. రైగ్రాస్ వారం పది రోజుల్లో మొలుస్తుంది, బ్లూగ్రాస్ మాత్రం మూడు వారాలు కూడా పట్టొచ్చు, మొలవలేదని కంగారు పడకండి. మొలిచేదాకా మాత్రం పై మట్టి ఆరకుండా రోజుకి రెండుసార్లు కొద్దికొద్దిగా తడపాలి, పైపు సరదా ఉంటే అది అప్పుడు తీర్చుకోండి.

ఎరువు బ్యాగ్ మీద మూడు నంబర్లు ఉంటాయి, 24-0-4 అంటే నూటికి 24 పాళ్ళు నైట్రోజన్. 1000 చదరపు అడుగులకి ముప్పావు నుంచి ఒక పౌండ్ నైట్రోజన్ చాలు, అంటే ఈ బ్యాగ్‌లోంచి మూడు నుంచి నాలుగు పౌండ్లు. ఇందులో రూల్స్ కూడా ఉన్నాయి, న్యూజెర్సీలో ఇంటివాళ్ళు ఒక్కసారికి 1000 చదరపు అడుగులకి 0.9 పౌండ్ నైట్రోజన్ దాటకూడదు, నవంబర్ 15 నుంచి మార్చి 1 దాకా అసలు వేయకూడదు. మన దగ్గర లాగా గుప్పెడు తీసి చల్లేయడం కుదరదు. సాయిల్ టెస్ట్ చేయించి పీహెచ్, అంటే మట్టి ఎంత పుల్లగా ఉందో చెప్పే నంబర్, 6 నుంచి 7 మధ్య ఉందో లేదో చూస్తే, సున్నం వేయాలా వద్దా అనేది కూడా తేలిపోతుంది.

వసంతంలో పెద్ద పనేం లేదు. క్రాబ్‌గ్రాస్ అనే కలుపుకి మొలకెత్తకుండా ఆపే మందు, నేల 13 డిగ్రీల దగ్గరికి వచ్చే టైంకి వేస్తారు. కానీ అది వేసిన చోట మీరు చల్లిన గింజ కూడా మొలవదు, రెండూ ఒకేసారి పెట్టుకోకండి. ఇక చలికాలం మొదట్లో, మంచు పడే ముందు, రాలిన ఆకులు తీసేయండి, లేకపోతే మంచు కింద బూజు పట్టి గుండ్రటి మచ్చలు వస్తాయి.

చివరిగా ఒకటి, చాలామంది అడిగేది. వచ్చేటప్పుడు ఆ గింజలు సూట్‌కేసులో తెచ్చి హైదరాబాద్‌లో వేయొచ్చా అని. విదేశీ విత్తనాలకి మన దేశంలో ప్లాంట్ క్వారంటైన్ పర్మిట్, సర్టిఫికెట్ కావాలి, ఊరికే తేకూడదు. తెచ్చినా నవంబర్‌లో చల్లితే డిసెంబర్, జనవరి బాగానే ఉంటుంది, ఏప్రిల్‌కి మాడిపోతుంది. ఇక్కడ గరికో, మెక్సికన్ గ్రాసో పలకలు తెప్పించుకుని వేసుకోండి.