ఫారం 27 ఎవరడుగుతారు?

(ఫార్మసిస్టుల దినోత్సవం నాడు మహబూబ్‌నగర్‌లో ఫార్మసీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, సార్లకు, మేడంలకు నమస్కారం. వద్దన్నా వినకుండా ఈ ఉక్కలో శాలువా కప్పారు. తీసి పక్కన పెడుతున్నాను, ఏమనుకోకండి.

కాలేయ వ్యాధులకు మందులు, జన్యు నియంత్రణ, సరుకుల ట్రాకింగ్, ఈ మూడింటిలో పేటెంటు పొందిన ఆవిష్కరణల గురించి చెప్పమన్నారు. అరగంట టైమిచ్చారు. నేను మెడికల్ షాపువాణ్ణి. "తిన్నాక వేసుకో" అని చెప్పడమే తప్ప ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి కాదు.

జన్యువుల సంగతి ముందు ముగిస్తాను, అది మీకే ఎక్కువ తెలుసు. ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెలో అనే ఇద్దరు 1998లో కంటికి ఆనీ ఆనని పురుగుల్లో ఒక వింత చూపించారు. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ, అంటే జన్యువుల ఆదేశాలు మోసే జాతి పదార్థం, లోపలికి పంపితే దానికి సరిపోలే జన్యువు పని ఆగిపోతుంది. జన్యువు చెడదు, అది పంపే ఆదేశాల చీటీ మాత్రం దారిలోనే ముక్కలవుతుంది. 2006లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. 2018లో ఆ దారిలో మొదటి మందు పాటిసిరాన్ వచ్చింది. దాన్ని సన్నటి కొవ్వు బొట్లలో చుట్టి రక్తంలోకి ఎక్కిస్తే ఎక్కువ భాగం కాలేయానికే పోతుంది. అందుకే ఈ జాతి మందులు ముందుగా కాలేయం దగ్గరే పని మొదలుపెట్టాయి. లోపలి మందుకూ పేటెంటే, చుట్టే పద్ధతికీ పేటెంటే.

ఇక కాలేయం. మా అక్కవాళ్లది నారాయణపేట దిక్కు పల్లె. బావ మట్టిపని మేస్త్రి. పాలమూరు లేబర్ అంటారు చూడండి, ఊరూరా కాలువలు తవ్వినోళ్లు, వాళ్లలో ఒకడు. కళ్లు పచ్చబడితే పసిరికలన్నారు. పసరు తాగించారు, చేతికి వాత పెట్టించారు. పట్నం దవాఖానకు తీసుకుపోయేసరికి కాలేయంలో క్యాన్సర్ గడ్డ, ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. డాక్టరు ఒక మందు పేరు రాసి, "ఖర్చు ఎక్కువ, చూసుకోండి" అని లేచిపోయాడు.

ఆ మందు సొరాఫెనిబ్. రోజుకు నాలుగు గోలీలు, నెలకు 120. నెల మందు ఖరీదు 2,80,428 రూపాయలు. అక్క ఎకరం అమ్మింది. పెట్టెలోని కాగితం విప్పి నేనే చదివి చెప్పాను: అక్కా, ఇది నయం చేసే మందు కాదు, సగటున ఓ మూడు నెలల ఆయుష్షు కలుపుతుందట. మూడు నెలలన్నా ఉంటాడు కదరా అంది. కొన్నాళ్లకే బావ అరచేతులు పొక్కి తోలు లేచింది, ఆ మందుకు అదొక గుణం. పార పట్టిన చేతులతో అన్నం కలుపుకోలేకపోయాడు. రెండో నెల మందుకు ఇంకో ఎకరానికి గిరాకీ చూడమని అక్క అంటే, పిల్లలకు ఉండనీ అని బావే ఆపేశాడు.

టాపిక్ వదిలేశానని సారు గడియారం చూస్తున్నారు. ఇదే టాపిక్ సార్.

బావ పోయిన తర్వాత, 2012 మార్చి 9న పేటెంట్ కంట్రోలర్, అంటే పేటెంట్ ఆఫీసు పెద్ద, ఒక ఆర్డరిచ్చాడు. బేయర్ కంపెనీ పేటెంటు ఉన్న అదే మందును హైదరాబాదు నాట్కో కంపెనీ తయారుచేసుకోవచ్చు. 120 గోలీలకు 8,880 రూపాయలు మించకూడదు. బేయర్‌కు అమ్మకాల మీద ఆరు శాతం రాయల్టీ, తర్వాత దాన్ని ఏడు చేశారు. నాట్కోకు కొత్తూరులో మందుల ఫ్యాక్టరీ ఉంది. కొత్తూరంటే అప్పట్లో మన జిల్లానే! షాద్‌నగర్ దాటి హైదరాబాదు బస్సులో పోతుంటే వచ్చే ఊరు. 2,80,428 ఎక్కడ, 8,880 ఎక్కడ, మీరే తీసివేత చేసుకోండి. నాకు చెయ్యాలంటే ఇప్పటికీ కోపమొస్తుంది.

ఏ బలంతో ఇచ్చాడు? పేటెంటు చట్టంలో 84వ సెక్షన్. పేటెంటు ఇచ్చి మూడేళ్లయినా మందు జనానికి సరిపడా దొరక్కపోతే, కొనగలిగే ధరకు రాకపోతే, ఇక్కడ ఆ పేటెంటును పనిలో పెట్టకపోతే, వేరేవాళ్లు లైసెన్సు అడగొచ్చు. అవసరమున్న రోగుల్లో రెండు శాతానికి అటూ ఇటూగా మాత్రమే మందు అందిందని ఆ ఆర్డరులోనే ఉంది. ఆ లెక్క తేలడానికి పనికొచ్చిన కాగితాల్లో ఒకటి బేయర్ తానే దాఖలు చేసిన ఫారం 27. పేటెంటు ఉన్నవాళ్లు దాన్ని ఇక్కడ ఎట్లా వాడుతున్నారో చెప్పే కాగితం అది.

మందుల విషయంలో ఇలాంటి లైసెన్సు మన దేశంలో ఇప్పటికి ఆ ఒక్కటే. కాలేయాన్ని చెడగొట్టే వైరస్ జబ్బు హెపటైటిస్ సికి మందు సోఫోస్‌బువిర్ 2013లో అమెరికాలో వచ్చినప్పుడు గోలీ 1,000 డాలర్లు, 12 వారాలకు 84,000. మరుసటి ఏడే ఆ మందు కంపెనీ మన కంపెనీలకు తానే లైసెన్సులిచ్చింది. 84వ సెక్షన్ భయం కూడా అందులో ఉందని నా నమ్మకం.

ట్రాకింగ్ సంగతి కదా. జేబులో స్ట్రిప్పో డబ్బానో ఉన్నవాళ్లు ఫోను తీసి స్కాన్ చేయండి, పర్లేదు, సారు ఏమనరు. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్లకు బార్‌కోడో క్యూఆర్ కోడో తప్పనిసరి. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, తయారీదారు అడ్రసు, లైసెన్సు నంబరు వస్తాయి. నకిలీలు పట్టుకోవడానికి మంచిదే, నేను కాదనను. బార్‌కోడ్‌కు 1952లోనే పేటెంటు ఇచ్చారు, షాపుల్లోకి వచ్చేసరికి 1974 అయింది, అప్పటికి ఆ పేటెంటు గడువే తీరింది. క్యూఆర్ కోడ్ చేసిన జపాన్ కంపెనీ పేటెంటు దగ్గర పెట్టుకుని కూడా ఎవరైనా వాడుకోండని వదిలేసింది. మన షాపు ముందు ఫోన్‌పే అట్ట వేలాడుతున్నది ఆ వదిలేయడం వల్లే.

డబ్బా ఎక్కడ తయారైంది, ఎప్పుడు చెడిపోతుంది, అన్నీ పసిగట్టే ఏర్పాటు చేశాం, బాగుంది. మరి ఆ మందు ఎంతమందికి అందింది, ఎంతమంది ధర విని వెనక్కి పోయారు? అది చెప్పాల్సిన ఫారం 27 ఏడాదికోసారి ఇచ్చేవాళ్లు. 2020లో అందులో ఎంత సరుకు అమ్మారన్న గడి తీసేశారు. 2024లో మూడేళ్లకోసారి ఇస్తే చాలన్నారు. కంపెనీలకు పేపర్ వర్క్ భారమట! షాపులో నేను అమ్మే ప్రతి షెడ్యూల్ హెచ్ వన్ మందుకు, అంటే డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని, లెక్క రాయాల్సిన మందుకు, డాక్టరు పేరు, రోగి పేరు, తేదీ రిజిస్టర్‌లో రాయాలి, రాస్తున్నాను. నాకు లేని భారం వాళ్లకెక్కడిది?

పిల్లలూ, మీకో పని. పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఈ ఫారాలు ఎవరైనా చూడొచ్చు. మీకు తెలిసిన ఒక్క మందు పట్టుకుని దాని ఫారం 27 వెతకండి. దొరికితే ప్రింటు తీసి కాలేజీ నోటీసు బోర్డుకు అంటించండి, ధర కూడా పక్కన పెన్నుతో రాయండి. దొరక్కపోతే, దొరకలేదని రాసి అదీ అంటించండి. ప్రింట్ల ఖర్చు నాది. ప్రిన్సిపాల్ గారూ, బోర్డు మీద జాగా మీరివ్వాలి.