ఆ పెద్దాయన ఎందుకు వద్దన్నాడు?

శ్రోతలకు నమస్కారం.

చేతికొచ్చిన అవకాశాన్ని వదులుకోమని చెప్పేవాళ్లు మనకు చాలా తక్కువ. ఇంట్లో అడిగినా, ఆఫీసులో అడిగినా, స్నేహితుల్ని అడిగినా, "మళ్లీ వస్తుందో రాదో, ఒప్పేసుకో" అనే అంటారు. ప్రేమ కొద్దీ అంటారు. మన పిల్లలు అడిగితే మనమూ అదే అంటాం. అందుకే ఈ రోజు, ఒక పెద్దాయన తన దగ్గరికి నడిచొచ్చిన చాలా గొప్ప అవకాశాన్ని వద్దనుకున్న సంగతి చెబుతాను. ఆ సమయంలో ఆయన ఎదురుగా వయసులో చిన్నవాడొకడు నిలబడి, "ఒప్పుకోండి, ఒప్పుకోండి" అని పోరుతున్నాడు. నా దృష్టి ఎక్కువగా ఆ చిన్నవాడి మీదే.

పెద్దాయన మైకేల్ ఫారడే. కరెంటు గురించి బడిలో చదువుకున్న ప్రతివాళ్లకూ తెలిసిన పేరు. కమ్మరి కొడుకు. పుస్తకాల బైండింగ్ పని నేర్చుకుని, అక్కడి నుంచి లండన్‌లో సైన్స్ పరిశోధనలూ ప్రసంగాలూ జరిగే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడిగా చేరి, చివరికి ఆ సంస్థకే పేరు తెచ్చినవాడు. చిన్నవాడు జాన్ టిండాల్. అదే సంస్థలో ప్రొఫెసర్. ఇద్దరికీ దాదాపు 30 ఏళ్లు తేడా. టిండాల్‌కి ఫారడే అంటే ప్రాణం.

అది 1857. బ్రిటన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి అధ్యక్షుడిగా ఉండమని అడగడానికి సొసైటీ పెద్దలు ముగ్గురు ఫారడే దగ్గరికి వచ్చారు. ఒకప్పుడు న్యూటన్ కూర్చున్న కుర్చీ అది. శాస్త్రవేత్తకు ఆ దేశంలో అంతకు మించిన గౌరవం లేదు. ఫారడే వెంటనే అవుననలేదు, కాదనలేదు. ఆలోచించుకోవడానికి కాస్త టైమ్ అడిగాడు.

మర్నాడు టిండాల్ ఆయన గదికి వెళ్లాడు. ఎక్కడ కాదంటారోనని తనకు ఆందోళనగా ఉందని చెప్పాడు. "ఈ బాధ్యత తీసుకోమని నువ్వు నన్ను బలవంతపెట్టవు కదా?" అని అడిగాడు ఫారడే. టిండాల్ ఆగలేదు. "బలవంతపెట్టడమే కాదు, ఒప్పుకోవడం మీ ధర్మం అంటాను" అన్నాడు. చాలా శ్రమ ఉంటుందన్నాడు ఫారడే. ఏ పనినీ తేలిగ్గా తీసుకోవడం తన స్వభావంలో లేదన్నాడు. ఆ కుర్చీలో కూర్చుంటే ఊరుకోలేనని, కొత్త ప్రశ్నలు లేవనెత్తాల్సి వస్తుందని, మార్పుల కోసం పట్టుబట్టాల్సి వస్తుందని చెప్పాడు. "అలా జరిగితే సొసైటీలో యువకులమంతా మీ వెనకే ఉంటాం" అన్నాడు టిండాల్. ఆ మాట ఆయనకు తృప్తినివ్వలేదు. ఇంతలో భార్య సారా గదిలోకి వచ్చింది. ఫారడే ఆమెను అడిగాడు. ఆమె వద్దంది. టిండాల్‌కి అది నచ్చలేదు, ఆమెతోనూ వాదించాడు.

చివరికి ఫారడే అన్నాడు: "టిండాల్, నేను కడదాకా ఉత్త మైకేల్ ఫారడేగానే ఉండాలి. ఆ గౌరవాన్ని ఒప్పుకుంటే, నా బుద్ధి చెక్కుచెదరకుండా ఉంటుందని ఒక్క ఏడాదికి కూడా నేను హామీ ఇవ్వలేను."

ఇక టిండాల్ ఆ విషయం ఎత్తలేదు.

ఈ సంభాషణను ఎన్నిసార్లు తలుచుకున్నా నన్ను ఒక సంగతి ఆపేస్తుంది. టిండాల్ చెప్పినవన్నీ పదవి గురించి. ఎంత గౌరవమో, ఎవరెవరు తోడుంటారో, ఎందుకు ధర్మమో. ఫారడే చెప్పినవన్నీ తన గురించి. నా స్వభావం ఇది, నేను తేలిగ్గా తీసుకోలేను, నేను ఊరుకోలేను, నా బుద్ధికి నేను పూచీ పడలేను. పదవి చెడ్డదని ఆయన ఎక్కడా అనలేదు. ఇంకొకరికి అది వద్దని కూడా అనలేదు. అందులో కూర్చుంటే తాను ఏమవుతాడో చూసుకున్నాడు, అంతే.

ఆయనకు ఇలా చూసుకోవడం కొత్త కాదు. 1830, 31 ప్రాంతంలో కంపెనీలకూ ఇతరులకూ రసాయన పరీక్షలు చేసిపెట్టి ఏడాదికి వెయ్యి పౌండ్లు పైన సంపాదించేవాడు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఇచ్చే జీతం అందులో పదో వంతు. సరిగ్గా 1831లోనే, అయస్కాంతంతో విద్యుత్తు పుట్టించవచ్చని కనిపెట్టాడు. ఆ పేరుతో పరీక్షల వ్యాపారం ఎన్ని రెట్లయినా పెరిగి ఉండేది. ఆయన ఏం చేశాడు? మరుసటి ఏడాదికి ఆ రాబడిని 155 పౌండ్లకు దించేశాడు. 1838 నాటికి అది సున్నా. డబ్బూ, పరిశోధనా రెండూ ఒకే పగటిలో పట్టవని ఆయన లెక్క తేల్చుకున్నాడు. ఈ అంకెలు మనకు తెలియడానికి కారణం కూడా టిండాలే. ఫారడే పోయాక ఆ జమాఖర్చుల కాగితాలు చూసి లోకానికి చెప్పింది అతనే.

అలాగని ఫారడే అన్నిటికీ తల అడ్డంగా ఊపే మనిషి కాదు. సముద్రంలో ఓడలకు దారి చూపే లైట్‌హౌస్‌ల పని ఏళ్ల తరబడి చేశాడు. క్రిస్మస్ రోజుల్లో పిల్లలకు సైన్స్ పాఠాలు చెప్పమంటే సంతోషంగా ఒప్పుకున్నాడు, 1827 నుంచి 1860 దాకా 19 ఏడాదులు చెప్పాడు. వాటి వల్ల ఆయన ఇంకొకడిగా మారిపోయే భయం లేదు కాబట్టి.

ఈ చూపు ఫారడేకి ఎక్కడి నుంచి వచ్చిందో అని నాకు ఒక ఊహ ఉంది. ఊహే, అలాగే తీసుకోండి. ఆయన గురువు హంఫ్రీ డేవీ 1820 నుంచి 27 దాకా అదే రాయల్ సొసైటీ కుర్చీలో కూర్చున్నాడు. మహా ప్రతిభావంతుడు. కానీ 1824లో ఫారడేని సభ్యుడిగా ఎన్నుకునేటప్పుడు అడ్డుపడింది స్వయంగా ఆ గురువే. ఆ కుర్చీ మనిషిని ఏం చేయగలదో ఫారడే అంత దగ్గర నుంచి చూశాడు. పెద్దవాళ్ల నుంచి మనం ఇలా కూడా నేర్చుకుంటాం, వాళ్లు చెప్పకపోయినా.

నాకు చదువు చెప్పిన మాస్టారు ఒకాయన ఉండేవారు. ఎవరు కొత్త ఉద్యోగం గురించో పదవి గురించో సలహాకి వచ్చినా, జీతం ఎంతని అడిగేవారు కాదు. "అందులో చేరాక నీ పొద్దుటి పూటలు ఎలా ఉంటాయి నాయనా?" అని అడిగేవారు. చాలామంది దగ్గర జవాబు ఉండేది కాదు. పొద్దున లేచి ఎవరితో మాట్లాడాలి, ఏ పని ముందు చేయాలి, ఇప్పుడు చేస్తున్న ఏ పని మానుకోవాలి అని వాళ్లు ఆలోచించి ఉండేవాళ్లు కాదు. పేరు చూసుకున్నారు, అంకె చూసుకున్నారు. చేజారిపోతుందేమో అన్న టెన్షన్‌లో ఉన్నవాళ్లకు రోజు ఎలా గడుస్తుందో కనబడదు.

మరి టిండాల్ ఏం నేర్చుకున్నాడు? 1872లో అతను అమెరికా వెళ్లి ప్రసంగాలు చేశాడు. జనం విరగబడ్డారు. ఖర్చులు పోగా మిగిలిన డబ్బంతా అక్కడి యువకులు సైన్స్ చదువుకోవడానికి ఇచ్చేసి వచ్చాడు. ఇది గురువు దారి అనిపిస్తుంది. కానీ 1874లో బ్రిటిష్ అసోసియేషన్ అనే మరో సైన్స్ సంఘం అధ్యక్ష పదవికి మాత్రం ఒప్పుకున్నాడు. బెల్‌ఫాస్ట్‌లో అధ్యక్షోపన్యాసం ఇచ్చి పెద్ద దుమారమే లేపాడు. వాదం అంటే వెనక్కి తగ్గే మనిషి కాదు టిండాల్. ఫారడేకి నిద్ర లేకుండా చేసేది అతనికి ఉత్సాహం. పెద్దాయన వద్దన్నాడని తానూ వద్దనలేదు. నాకు అది గురువును మీరడంగా కనిపించదు.

అందుకే మీకు ఒక్క పని చెప్పాలని ఉంది. మీరు నమ్మే పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లను "మీరు ఏం సాధించారు?" అని అందరూ అడిగే ప్రశ్న వదిలేసి, "మీరు ఏం వద్దనుకున్నారు? మీలో ఏ సంగతి చూసుకుని వద్దనుకున్నారు?" అని అడగండి. రెండో ప్రశ్న తప్పకుండా అడగండి. ఏం వదులుకున్నారన్నది వాళ్ల కథ. ఏం చూసుకున్నారన్నది మీకు పనికొస్తుంది. ఈ మాట మీ చేతిలో ఏ ఆఫరూ లేని రోజున అడగడం మంచిది. ఆఫర్ చేతిలో పెట్టుకుని వెళ్తే, మనం అవును అనిపించుకోవడానికే వెళ్తాం. అప్పుడు వాళ్లు ఏం చెప్పినా, ఆ రోజు టిండాల్ చేసినట్టు ప్రతి మాటకీ ఒక జవాబు వెతుకుతాం.