తెల్లకణాల లెక్క, గుండె ధమనులు

సభకు నమస్కారం.

జ్వరం వచ్చినప్పుడు చేయించే మామూలు రక్తపరీక్షలో తెల్ల రక్తకణాల మొత్తం సంఖ్య ఉంటుంది. మైక్రోలీటరుకు 4,000 నుంచి 11,000 మధ్య ఉంటే నార్మల్ అనుకొని ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టేస్తాం. ఆ హద్దుల లోపల కూడా ఈ అంకె గుండె సంగతి కొంత చెబుతుందన్నదే నేటి నా ప్రసంగ విషయం.

ఇది కొత్తగా తోచిన ఆలోచన కాదు. గుండెపోటు వచ్చినవారు అంతకుముందు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో చేయించుకున్న రక్తపరీక్షలను అమెరికా పరిశోధకులు తిరిగి తీసి చూసి, అప్పటికే వారిలో తెల్లకణాలు ఇతరుల కంటే ఎక్కువగా ఉన్నాయని 1974లో ప్రకటించారు. రుతుక్రమం ఆగిన వేలాది మంది స్త్రీలను పరిశీలించి 2005లో వెలువరించిన అధ్యయనంలో, కణాల సంఖ్య 6,700కు పైబడినవారికి, 4,700 లోపు ఉన్నవారితో పోలిస్తే, గుండెజబ్బుతో మరణించే ముప్పు రెట్టింపుకు మించి కనిపించింది. 6,700ను ఏ ల్యాబూ ఎర్ర అక్షరాల్లో ముద్రించదు. నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది ఈ సంగతే.

ఇలా ఎందుకు జరుగుతుంది? ధమని లోపలి పొర కింద చెడు కొలెస్ట్రాల్ చేరి మార్పు చెందినప్పుడు, శరీరం దానిని పరాయి పదార్థంగా భావించి మోనోసైట్లనే తెల్లకణాలను అక్కడికి పంపుతుంది. అవి గోడలోకి దూరి, మాక్రోఫేజ్‌లుగా మారి, ఆ కొవ్వును మింగి మింగి ఉబ్బిపోతాయి. సూక్ష్మదర్శినిలో నురుగులా కనబడతాయి గనుక వాటిని నురుగు కణాలంటారు. చాలావరకు అవి అక్కడే చచ్చి, ధమని గోడలో పేరుకునే కొవ్వు పూడికలో భాగమవుతాయి. బతికున్నవి విడిచే ఎంజైములు పూడికను కప్పి ఉంచే పొరను పలుచన చేస్తాయి. ఆ పొర చిట్లిన చోట రక్తం గడ్డకట్టి ధమని మూసుకుపోతే, అదే గుండెపోటు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. పొగతాగడం, ఊబకాయం, స్టెరాయిడ్ మందులు, చిన్నపాటి ఇన్‌ఫెక్షన్ కూడా ఈ సంఖ్యను పెంచుతాయి కాబట్టి ఒక్కసారి వచ్చిన అంకెను పట్టుకొని భయపడటం తగదు. సంఖ్య తగ్గించడమే చికిత్స అనుకోవడమూ పొరపాటే, ఎందుకంటే తెల్లకణాలు మన రక్షణ వ్యవస్థ. 2017లో వెలువడిన ఒక పెద్ద ప్రయోగంలో, గుండెపోటు వచ్చిన 10,000 మందికి పైగా రోగులపై కెనకినుమాబ్ అనే ఇంజెక్షన్‌ను పరీక్షించినప్పుడు, చెడు కొలెస్ట్రాల్ తగ్గకుండానే, తెల్లకణాల పోరుతో ధమని గోడలో సాగే వాపు ప్రక్రియ అణగినందువల్ల, మళ్లీ గుండెపోటు, పక్షవాతం వంటివి వచ్చే ముప్పు సుమారు 15 శాతం తగ్గింది. కానీ ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు కొంత పెరిగాయి. మరుసటి ఏడాది, వాపును అణచే మరో మందైన మెథోట్రెక్సేట్‌తో చేసిన ప్రయోగంలో గుండెకు మేలు కలగలేదు. అంటే వాపును ఏ దారిలో అణచామన్నది ముఖ్యం.

అందుచేత మీ పాత రిపోర్టులను దాచుకోండి. జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేని రోజుల్లో కూడా ఏళ్ల తరబడి ఈ సంఖ్య ఎగువనే ఉంటే, వాటిని వైద్యునికి చూపి రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్‌లతో కలిపి చదవమని అడగండి. పొగతాగేవారైతే మానిన తరువాత మళ్లీ పరీక్ష చేయించుకోండి. ఆ సంఖ్య సాధారణంగా దిగుతుంది.