పాత కెర్నెల్ పక్కనే కొత్తది
(నెల్లూరులో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేను ఒంగోలు నుంచి వచ్చాను. అక్కడ ఒక చిన్న గదిలో పద్యనాటకాలు ఆడేవాళ్ల పద్యాలు రికార్డు చేస్తుంటాను. కంప్యూటర్ కోర్సేమీ చదవలేదు. నా కంప్యూటర్ నడిచేది విండోస్ లాంటి ఇంకో సిస్టమ్, లైనక్స్ మీద. ప్రోగ్రాములకూ ప్రాసెసర్, డిస్కు లాంటి భాగాలకూ మధ్య ఉండి పని పంచే దాని గుండెకాయే కెర్నెల్. లైనక్స్‌లో కెర్నెల్ మార్చడం నాకు అవసరం కొద్దీ వచ్చింది, ఆ అవసరమేంటో ముందు చెబుతాను.

పద్యం పాడే ఆయన హెడ్‌ఫోన్‌లో తన గొంతు తను వింటూ పాడతాడు. మైకులోకి వెళ్లిన గొంతు కంప్యూటర్ దాటి చెవికి చేరడం కాస్త ఆలస్యమైతే రాగం దగ్గర తడబడతాడు. ఒక పెద్దాయన హెడ్‌ఫోన్ తీసేసి, "ఏందబ్బాయా, నా వెనకాల ఇంకెవరో పాడతన్నారు" అన్నారు. ఆయన తప్పేం లేదు. సెకనుకు 48,000 శాంపిళ్ల, అంటే గొంతు కొలతల, చొప్పున రికార్డు చేస్తూ బఫర్ (శాంపిళ్లను ఒక విడతగా పోగేసే చోటు) 1024 శాంపిళ్లకు పెడితే, ఆ బఫర్ ఒక్కటే 21 మిల్లీసెకన్లు. గొంతు లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఇంకోసారి ఆ ఆలస్యం పడుతుంది. బఫర్ 128కి తగ్గిస్తే 3 మిల్లీసెకన్ల లోపే. తగ్గించాను. అప్పుడు పద్యం మధ్యలో టప్ టప్‌మని చప్పుడు మొదలైంది.

3 మిల్లీసెకన్లకోసారి ప్రాసెసర్ వచ్చి ఆ బఫర్ నింపిపోవాలి. ఆ సమయానికి కెర్నెల్ ఏ డిస్కు పనిలోనో మునిగి ఉంటే అందుకోలేదు, చప్పుడు వస్తుంది. మామూలు కెర్నెల్‌ను మొత్తం మీద ఎక్కువ పని జరిగేలా అమర్చుతారు. రియల్‌టైమ్ కెర్నెల్ అయితే చేతిలో పని ఆపి మరీ అత్యవసరమైనదానికి దారి ఇస్తుంది. ఈ మార్పులు దాదాపు 20 ఏళ్లు విడి ప్యాచ్‌గానే, అంటే అసలు కోడ్‌కు బయట నుంచి అతికించే ముక్కగానే తిరిగాయి. 2024లో వచ్చిన 6.12 వెర్షన్‌తో అసలు లైనక్స్‌లో కలిశాయి. అన్నేళ్లు దాన్ని పట్టుకుని వదలకుండా పనిచేసినవాళ్లను తలుచుకుంటే నాకు చాలా గౌరవం.

ఇక్కడ ఒక మాట. లైనక్స్‌ను సర్ది ఇచ్చే పంపిణీలు డెబియన్, ఉబుంటు. వాటి ఇప్పటి కెర్నెళ్లకు బూట్ అయ్యేటప్పుడు ‘ప్రీఎంప్ట్ ఈక్వల్స్ ఫుల్’ అనే ఆప్షన్ ఇస్తే చాలు, చాలావరకు ఆ గుణం వస్తుంది. ముందు అది చేసి చూడండి. సరిపోతే కొత్త కెర్నెల్ జోలికే వెళ్లక్కర్లేదు. గేమ్స్ వేగం పెరుగుతుందని విని కెర్నెల్ మార్చాలనుకునే తమ్ముళ్లకు కూడా ఇదే చెబుతాను: ఏం మెరుగవ్వాలో ముందు కొలిచి రాసుకోండి.

అయినా కావాలంటే, డెబియన్‌లో రియల్‌టైమ్ కెర్నెల్ వాళ్ల సొంత ప్యాకేజీగానే దొరుకుతుంది. బయటివాటిలో లిక్వోరిక్స్, జాన్‌మాడ్ పేర్లు మీరు వినే ఉంటారు. కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకుపోతుందంటాం కదా, కెర్నెల్ విషయంలో అలా జరగదు. బూట్ ఫోల్డర్ తెరిచి చూడండి. వీఎంలైనజ్ అన్న పేరు పక్కన వెర్షన్ నంబరుతో పాతది ఒక ఫైలు, కొత్తది ఒక ఫైలు, పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. మిషన్ ఆన్ చేసినప్పుడు ఏది ఎక్కించాలో గ్రబ్ అనే బూట్ ప్రోగ్రాం మెనూలో మనమే ఎంచుకోవచ్చు.

ఈ సంగతి తెలిసి కూడా నేనొకసారి తప్పు చేశాను. కొత్త కెర్నెల్‌తో ఒక సాయంత్రమంతా పద్యాలు చక్కగా వచ్చాయి. బూట్ పార్టిషన్‌లో చోటు లేదని, ఆ రాత్రే పాతవన్నీ తీసేశాను. తర్వాత ఒక అప్‌డేట్ వచ్చి ఇంకో కెర్నెల్ దిగింది, దానికి హెడర్స్ ప్యాకేజీ (విడి డ్రైవర్లు తయారవడానికి కావలసిన కెర్నెల్ ఫైళ్లు) నేను వేయలేదు. హెడర్స్ లేకపోతే నేను విడిగా వేసుకున్న గ్రాఫిక్ కార్డు డ్రైవర్ ఆ కెర్నెల్‌కు సరిపడా తయారవదు. చోటు కోసం అంతకు ముందున్నదాన్నీ తీసేసి ఉన్నాను. పొద్దున పది గంటలకు నాటకం వాళ్లు హార్మోనియంతో సహా దిగారు. స్క్రీన్ నల్లగా ఉంది. వెనక్కి వెళ్దామంటే మెనూలో ఇంకో కెర్నెలే లేదు. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, లోపలికి వెళ్లి పాత కెర్నెల్ మళ్లీ వేసేసరికి మధ్యాహ్నం దాటింది. పని మానుకుని వచ్చిన మనుషులు అంతసేపూ అరుగు మీద కూర్చున్నారు. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటి నుంచి పంపిణీతో వచ్చిన మామూలు కెర్నెల్ ఒకటి ఎప్పుడూ ఉంచుతాను, కెర్నెల్‌తో పాటే హెడర్స్ వేస్తాను.

సెక్యూర్ బూట్ గురించి రెండు ముక్కలు. మిషన్ తను గుర్తించే సంతకం ఉన్నదాన్నే ఎక్కనిచ్చే రక్షణ అది. డెబియన్, ఉబుంటు వాళ్ల కెర్నెళ్లకు డిజిటల్ సంతకం ఉంటుంది. బయట నుంచి తెచ్చినదానికి మిషన్ గుర్తించే సంతకం లేకపోతే బూట్ అవదు. అప్పుడు మీ సొంత కీతో సంతకం చేసి దాన్ని మిషన్‌కు పరిచయం చేయాలి, లేదా సెక్యూర్ బూట్ ఆపాలి. నేనైతే మొదటిదే చేస్తాను.

ఇక మాటలు చాలు. ఈ టేబుల్ మీదున్న డెస్క్‌టాప్‌లో రెండు కెర్నెళ్లూ వేసి తెచ్చాను. రీస్టార్ట్ చేస్తున్నాను. కంపెనీ బొమ్మ కనపడగానే ఎస్కేప్ కీ, కొన్ని మిషన్లలో షిఫ్ట్. ఇదిగో మెనూ. రెండో వరుసలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. ముందు వరుసలో ఉన్న చెల్లెమ్మా, నువ్వొచ్చి పాతది ఎంచుకో. టెర్మినల్ తెరిచి యూనేమ్, ఖాళీ, మైనస్ ఆర్ కొట్టు, ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ ఏదో చెబుతుంది. ఏ నంబరు వచ్చిందో అందరికీ వినపడేలా చదువమ్మా.