ఎనిమిదడుగుల కంచె

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మాట్లాడే వంతు నాకొచ్చింది. మీకు కునుకు పట్టేలోపు ఒక కథ చెప్తాను.

2012 ఆగస్టు, శుక్రవారం రాత్రి. న్యూయార్క్ పక్కన జమైకా బేలో ఒకతని జెట్ స్కీ నీళ్ల మధ్యలో మొరాయించింది. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి, దూరంగా దీపాలు కనిపిస్తున్న వైపు ఈదుకుంటూ వచ్చాడు. అవి కెనెడీ విమానాశ్రయం దీపాలు. ఎనిమిదడుగుల కంచె ఎక్కి అవతలికి దూకాడు. రెండు రన్‌వేలు నడిచి దాటాడు. ఒళ్లంతా నీళ్లోడుతూ టెర్మినల్ దగ్గర ఒక ఉద్యోగి ఎదుట నిలబడి సాయం అడిగాడు. ఆ కంచె కాపలాకు పెట్టిన కెమెరాలు, సెన్సర్ల ఖర్చు 10 కోట్ల డాలర్లు. చివరికి అతను తనంతట తానే దొరికాడు!

ఇది విని అందరూ నవ్వుతారు. విమానాశ్రయాల భద్రత చూసే మా వృత్తిలో వాళ్లకు మాత్రం నవ్వు రాదు. ఎక్కాలనుకున్నవాడిని ఏ కంచే ఆపలేదని మాకు తెలుసు. అది చేసేదల్లా కాస్త ఆలస్యం చేయడమే. ఆ కాస్త సమయంలో అలారం మోగాలి, కంట్రోల్ రూమ్‌లో ఎవరో తెర వైపు చూడాలి, గస్తీ జీపు కదలాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ కంచె ఉన్నా లేనట్టే.

ఎక్కువగా తప్పేది ఎక్కడో చెప్తాను. నేను పనిచేసిన ఒక ఎయిర్‌పోర్టులో కొత్తగా కంచెకు సెన్సర్లు బిగించారు. మొదటి రాత్రే అలారాల మోత. గాలికి కొట్టుకొచ్చి తీగలకు చిక్కిన ప్లాస్టిక్ కవరు ఒకసారి, తుమ్మ కొమ్మ ఒకసారి, మిగతావన్నీ ఒకే నల్ల కుక్క. డ్యూటీలో ఉన్న కుర్రాడు మొదట్లో ప్రతిసారీ జీపు పంపాడు. వారం తిరిగేసరికి అలారం మోగితే టీ గ్లాసు కింద పెట్టకుండానే బటన్ నొక్కి ఆపేస్తున్నాడు. పై అధికారి ఇంకో అడుగు ముందుకేసి సెన్సర్ల సున్నితత్వమే తగ్గించమన్నాడు. ఆ కుర్రాణ్ణి తిట్టడం తేలిక. కానీ రాత్రికి నలభైసార్లు కుక్క కోసం లేచే మనిషి నలభై ఒకటోసారి కూడా కుక్కే అనుకుంటాడు.

మన ముంబై ఎయిర్‌పోర్టు సంగతి చూడండి. గోడకు ఆనుకునే బస్తీలు. 2019 ఆగస్టులో ఒక యువకుడు గోడ దూకి, బెంగళూరు వెళ్లడానికి సిద్ధంగా ఉన్న విమానం దగ్గరికి వచ్చేశాడు. పైలట్లు ఇంజిన్లు ఆపేశారు, ఎయిర్‌పోర్టుకు కాపలా కాసే సీఐఎస్‌ఎఫ్ వాళ్లు అతన్ని పట్టుకున్నారు. విమానం నిలబడి ఉంది కాబట్టి సరిపోయింది. పరుగు అందుకున్నాక గంటకు 250 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 70 మీటర్లు. చీకట్లో ఏదో కనిపించిందని పైలట్ మెదడుకు తట్టేలోపే అది చక్రాల కింద ఉంటుంది. 2014 నవంబరు 6న సూరత్‌లో జరిగింది అదే. టేకాఫ్‌కు పరుగెడుతున్న విమానం గేదెను గుద్దింది, ప్రయాణికులు క్షేమంగా బయటపడ్డారు. 2020 మేలో అమెరికాలోని ఆస్టిన్‌లో దిగుతున్న విమానానికి అడ్డొచ్చింది మనిషి. అతను బతకలేదు.

ఇక పథకం వేసుకుని వచ్చేవాళ్లది వేరే లెక్క. 2013 ఫిబ్రవరి 18న బ్రస్సెల్స్‌లో ఎనిమిది మంది దొంగలు కంచెకు కన్నం చేసి, పోలీసుల వేషంలో రెండు బండ్లతో నేరుగా విమానం దగ్గరికి వెళ్లారు. దాదాపు 5 కోట్ల డాలర్ల వజ్రాలు దింపుకుని అదే కన్నంలోంచి వెళ్లిపోయారు. ఒక్క తూటా పేలలేదు. లోపల కూర్చున్న ప్రయాణికులకు ఏం జరుగుతోందో కూడా తెలియలేదు.

మళ్లీ మా నల్ల కుక్క దగ్గరికి వస్తాను. అలారాలను ఎలా తగ్గించాలని మీటింగులు పెట్టుకున్నామే గానీ, అది లోపలికి ఎలా వస్తోందని మూడు వారాల దాకా ఎవరికీ తట్టలేదు. ఒక రోజు పొద్దున్నే దాని వెనకే నడిచాను. వాననీటి కాలువ గోడ కింద నుంచి బయటికి పోయే చోట ఇనుప ఊచలు తుప్పు పట్టి రెండు ఊడిపోయాయి. కుక్క దర్జాగా దూరి అటు వెళ్లిపోయింది. నేనూ వంగి, తల పక్కకు తిప్పి, భుజం పెట్టి చూశాను. పట్టింది.