స్కెచ్‌లో రాయి అని రాశాను

సభకి నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ పోతే నా ఇరవై నిమిషాలూ అందులోనే అయిపోతాయి, ఎవరి పేరైనా మర్చిపోతే అదింకో గొడవ, కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం. గ్రంథాలయ వారోత్సవాలకి నన్ను పిలిచి ‘మతం, స్థలం’ అని టాపిక్ ఇచ్చారు. నేను పండితుణ్ణి కానండి. ముప్పై రెండేళ్లు సర్వేయరుగా చేశాను. గొలుసంటే 66 అడుగులు, 100 లింకులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం, ఇదైతే నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మతం గురించి మా ఆవిణ్ణి పిలవాల్సింది.

సర్వేయరుకి చోటంటే చోటే. ఈ లింకు గొప్పది, ఆ లింకు తక్కువది అని ఉండదు. ఉద్యోగంలో చేరినప్పుడు అదే నేర్పారు, నేనూ అదే నమ్మాను. కానీ మనుషులు అలా నడవరండీ. మన విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నిలబడి చూడండి. ఆఫీసుకి లేటయి టెన్షన్‌లో పోతున్నవాడు కూడా పైడితల్లి చదురు గుడి ఎదురుగా రాగానే ఒక చెయ్యి హ్యాండిల్ మీంచి తీసి గుండెకి తాకించుకుంటాడు. నాలుగు గజాల ముందు తియ్యడు, దాటాక తియ్యడు. మీలో అలా చెయ్యనివాళ్లు ఎవరైనా ఉంటే చేతులెత్తండి. వెనక ఒకాయన ఎత్తారు, ఆయన కమ్యూనిస్టు, నాకు తెలుసు. వాళ్లావిడని వెనక ఎక్కించుకున్నప్పుడు ఆయనా బండి స్లో చేస్తారు, అదీ తెలుసు.

అదే రోడ్డు మీద దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను తిరుగుతుంది. అమ్మవారు పూజారికి కలలో కనబడి సిరిమానుకి ఫలానా ఊళ్లో ఫలానా చింతచెట్టు అని చెప్తుందని మన నమ్మకం. ఆ మాను చివర పూజారి కూచుంటే, గుడి నుంచి కోటకి, కోట నుంచి గుడికి మూడుసార్లు. ముందు జాలరి వల, పాలధార, మేడల మీద జనం, కింద నుంచి అరటిపళ్లు విసరడం, మీకు నేను చెప్పాలా! బుధవారం పొద్దున్న అక్కడే ఉల్లిపాయల బండి నిలబడుతుంది. నా స్కెచ్‌లో మంగళవారం రోడ్డూ బుధవారం రోడ్డూ ఒకటే.

అరసవల్లి సూర్యుడి గుడి సంగతి కూడా చెప్పాలి. గంగరాజు దేవేంద్రవర్మ 7వ శతాబ్దంలో కట్టించాడంటారు. మార్చిలో కొన్నాళ్లు, అక్టోబరులో కొన్నాళ్లు, తెల్లారగానే ఎండ ద్వారంలోంచి తిన్నగా లోపలికొచ్చి స్వామి పాదాల మీద పడుతుంది. అందరూ దండం పెడతారు. నేనూ పెట్టాను, కానీ ఆ దండంలో సగం స్వామికి, సగం ఆ లైను పట్టినవాడికి. ఎవడో గాని మా డిపార్ట్‌మెంటోడే. శ్రీకూర్మంలో స్వామి పడమర చూస్తాడు, అందుకని అక్కడ ధ్వజస్తంభాలు రెండు... సరే, ఇలా గుళ్లన్నీ చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది.

ఒక్క మసీదు మాట చెప్పి అసలు విషయానికి వస్తాను. కొత్తలో ఒక ఊళ్లో కొలతకి వెళ్తే అక్కడి చిన్న మసీదు రోడ్డుకి వంకరగా కనబడింది. గోడ మూల రోడ్డు వైపు పొడుచుకొచ్చింది. ఆక్రమణ అనుకుని పెన్సిల్ తీశాను. అక్కడున్న పెద్దాయన టీ తెప్పించి, “బాబూ, వంకర మసీదుది కాదు, మీ రోడ్డుది” అన్నాడు. ఎగతాళి అనుకున్నాను. మసీదు మక్కా వైపు చూడాలి కదా, ఇంటికెళ్లి లెక్క కట్టాను. మన జిల్లా నుంచి మక్కా తిన్నగా పడమర కాదండి, పడమరకి 12 డిగ్రీల దాకా ఉత్తరంగా ఉంటుంది. గోడ సరిగ్గా ఉంది. ఆ ఊళ్లో దిక్కు తప్పకుండా కట్టిన గోడ అదొక్కటే.

ఇప్పుడు అసలు విషయం. సెక్రటరీ గారు చీటీ పంపారు, చూశాను, ఐదు నిమిషాలు.

1996లో చీపురుపల్లి అవతల ఒక ఊరు, పేరు చెప్పను, మా అమ్మ పుట్టినూరు. రోడ్డు వెడల్పు పనికి స్కెచ్ నేనే గీశాను. పొలిమేరలో రోడ్డు పక్కనే అమ్మవారు. మోకాలెత్తు రాయి, పసుపు, కుంకం, పైన ఒక రేకు, పక్కన వేపచెట్టు. మొత్తం కలిపితే సెంటులో పదో వంతు కూడా ఉండదు. గుడి అని గుర్తు పెట్టబోతుంటే పైఆఫీసరు, “గుడి అని రాస్తే ఫైలు ఆర్నెల్లు కదలదయ్యా, రాయి అని రాసెయ్” అన్నాడు. రాసేశాను. మూడు అక్షరాలు కూడా లేవు, రెండే. రాయి. రాయికి విచారణ అక్కర్లేదు, గ్రామసభ అక్కర్లేదు. జేసీబీ చాలు.

అన్యాయం చేశారని అనను. 60 లింకులు లోపలికి జరిపి టైల్స్ వేసి, గ్రిల్ పెట్టి మంచి మండపమే కట్టారు. పూజారి అదే రాయిని తీసుకెళ్లి అక్కడ పెట్టాడు. కానీ అక్కడ ఎవరూ నిలబడరండీ! చెన్నైకి, హైదరాబాదుకి పనికి పోయే కుర్రాళ్లు ఇప్పటికీ పాత చోటే బస్సెక్కుతారు. తిరిగొచ్చినప్పుడు స్టాపు ముందే ఉన్నా అక్కడే దిగుతారు. కొత్త పెళ్లికూతురు వచ్చే కారు అక్కడే ఆగుతుంది. అక్కడేముందండీ? తారు. మధ్యలో తెల్ల గీత.

మా అమ్మ ఆ ఏడాది పండక్కి వెళ్లి వచ్చి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెడుతూ అడిగింది, “ఏట్రా, అమ్మోర్ని రాయని రాసినావంట. నీకు జొరవొచ్చినప్పుడు నాను మొక్కింది రాయికేటి?” నేను తల దించుకుని తిన్నాను. అమ్మ పోయి పదిహేనేళ్లయింది. ఆ మాటకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

మొన్న సంబరాలకి నేనూ వెళ్లాను. ఆడవాళ్లు ముర్రాట బిందెలు నెత్తిన పెట్టుకుని వచ్చారు. పసుపునీళ్లు, వేపమండలు. మండపం దాటి తిన్నగా రోడ్డు మీదికే వచ్చి, ఆ తెల్ల గీత మీద పోశారు. నేను కళ్లతోనే కొలిచాను, ముప్పై ఏళ్ల అలవాటు కదా. పాత రాయి ఉన్న చోటికి ఒక లింకు కూడా తేడా లేదు. వాళ్లలో సగం మంది ఆ రాయి అక్కడ ఉండగా పుట్టనే లేదు. పసుపునీళ్లు తారు మీద పారి, వాలుకి ఎడమ కాలవలోకి పోతున్నాయి. రెండు వైపులా లారీలు ఆగాయి. ఒక లారీ క్లీనరు, బీహారు కుర్రాడనుకుంటా, చెప్పులు విప్పి బానెట్ పక్కన నిలబడ్డాడు. వాడికెవరు చెప్పారు?

ఇప్పుడు డ్రోన్లతో, రోవర్లతో రీసర్వే అంటున్నారు కదా. ఆ ఊరి కొత్త మ్యాపులో పాత చోట గుడి గుర్తు పెట్టమని ఒక అర్జీ రాశాను. రోడ్డు మధ్యలో గుడి గుర్తా అని నవ్వుతారు, నవ్వనివ్వండి. 1996 స్కెచ్ గీసింది నేనేనని, రాసింది తప్పని అందులో ఒప్పుకుని సంతకం పెట్టాను. కాగితం ఆ పుస్తకాల బల్ల మీద ఉంది. ఇష్టమైనవాళ్లు పెట్టండి, ఆ వెనకాయన కూడా. పెన్ను మాత్రం అక్కడే వదిలెయ్యండి, మా మనవడిది, రేపు వాడికి పరీక్ష.